పాత కారు: ఎడమ ముందు చక్రం వేడెక్కుతోంది. క్యాలిపర్ మార్చాలా, బ్రేక్ హోసులు మార్చాలా?

పాతబండి:

అందరికీ నమస్కారం. నా దగ్గర ఇరవై ఏళ్లు దాటిన చిన్న హ్యాచ్‌బ్యాక్ ఉంది. ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేదు. ఇంజిన్ ఇప్పటికీ గడియారంలా నడుస్తుంది కాబట్టి వదులుకోవాలనిపించడం లేదు.

సమస్య ఏంటంటే, కొంచెం దూరం వెళ్లి ఆపాక చూస్తే ఎడమ ముందు చక్రం బాగా వేడిగా ఉంటోంది. రిమ్ము మీద చెయ్యి పెట్టలేం. కుడి వైపుది మామూలుగానే ఉంటుంది. బ్రేక్ వేసి వదిలాక బండి కాసేపు ఎడమకి లాగుతుంది, ఆ తర్వాత మెల్లగా దానంతట అదే సర్దుకుంటుంది. ట్రాఫిక్‌లో మాటిమాటికీ బ్రేక్ వేస్తే మరీ ఎక్కువ. మైలేజీ కూడా తగ్గింది.

గ్యారేజీలో చూపిస్తే క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పోయింది, కొత్తది వేయాలన్నారు. వేయించాను. మొదట్లో బాగానే ఉన్నట్టు అనిపించింది, తర్వాత మళ్లీ అదే వేడి. మళ్లీ వెళ్తే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌కి ప్రెజర్ ఇచ్చే భాగం) అంటున్నారు. ఇలా ఒక్కో పార్టు మారుస్తూ పోతే ఎక్కడికి తేలుతుందో తెలియడం లేదు.

నిన్న చక్రం విప్పి నేనే చూశాను. క్యాలిపర్‌కి వెళ్లే రబ్బరు హోస్‌ని వేళ్లతో వంచితే పైన సన్నని పగుళ్లు కనిపించాయి. లీకు మాత్రం ఎక్కడా లేదు, చుట్టూ పొడిగానే ఉంది. బ్రేక్ ఆయిల్ లెవెల్ కూడా తగ్గడం లేదు. లీకు లేని హోస్ వల్ల చక్రం పట్టేయడం అనేది అసలు జరుగుతుందా? మార్చాలంటే ఇంటి దగ్గర చేసుకోగలిగే పనేనా? ప్యాడ్లు, ఇంజిన్ ఆయిల్ నేనే మార్చుకుంటాను, కానీ బ్రేక్ లైన్ ఎప్పుడూ విప్పలేదు. బ్రేకు విషయం కాబట్టి చెయ్యి పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

చక్రంపక్కన:

ముందు స్లైడ్ పిన్నులు, అంటే క్యాలిపర్ అటూ ఇటూ జరిగే పిన్నులు చూశారా? క్యాలిపర్ కొత్తది వేసినా, చాలామంది పాత బ్రాకెట్టూ పాత పిన్నులూ అలాగే ఉంచేస్తారు. పిన్ను తుప్పు పట్టి ఇరుక్కుంటే ఒక ప్యాడ్ ఎప్పుడూ డిస్కుకి రాసుకుంటూనే ఉంటుంది. రెండు ప్యాడ్లూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి బాగా అరిగి రెండోది మందంగా ఉంటే అనుమానం పిన్నుల మీద. రెండూ సమానంగా, రెండూ త్వరగా అరిగిపోయి ఉంటే ప్రెజర్ వెనక్కి వెళ్లడం లేదని అర్థం. అప్పుడు హోస్ గురించి ఆలోచించాలి.

షెడ్డుమనిషి:

పాతబండి గారూ, లీకు లేకపోయినా హోస్ చక్రాన్ని పట్టేస్తుంది. మీరు రాసిన లక్షణాలు చూస్తే నా అనుమానం ముందు దాని మీదకే వెళ్తోంది. బ్రేక్ వదిలాక కాసేపు పట్టి ఉండి, తర్వాత మెల్లగా వదలడం అన్నారు కదా, అదే అసలు ఆనవాలు.

హోస్‌లో మూడు పొరలుంటాయి. లోపల ఆయిల్ నడిచే సన్నని రబ్బరు గొట్టం, దాని చుట్టూ దారంతో అల్లిన వల, పైన ఎండకీ దుమ్ముకీ తట్టుకునే ఇంకో రబ్బరు తొడుగు. మీకు కనిపించిన పగుళ్లు పై తొడుగువి. బలమంతా మధ్యలో ఉన్న దారం అల్లికది. లోపలి గొట్టం పాడైతే బయటికి ఏమీ తెలియదు. ఏళ్ల తరబడి నానిన రబ్బరు ఉబ్బి, దారి మూసుకుపోయేంత సన్నబడుతుంది, లేదా లోపల ఒక పొర లేచి నాలుకలా అడ్డుపడుతుంది. మీరు పెడల్ తొక్కినప్పుడు వచ్చే ప్రెజర్ చాలా ఎక్కువ కాబట్టి ఆయిల్ ఆ అడ్డాన్ని తోసుకుని క్యాలిపర్‌లోకి వెళ్లిపోతుంది. పెడల్ వదిలాక దాన్ని వెనక్కి నెట్టే బలం అంత ఉండదు. పిస్టన్ సీలు కొద్దిగా వెనక్కి లాగుతుంది, అంతే. ఆ కొద్ది బలానికి ఆయిల్ ఆ సన్నని సందులోంచి మెల్లగా కారాలి. అందాకా ప్యాడ్ డిస్కుని పట్టుకునే ఉంటుంది. వేడి దాని వల్లే.

ఇంకో కారణం కూడా చూడండి. హోస్‌ని మధ్యలో పట్టుకునే ఇనుప పట్టీ ఒకటి చాలా బళ్లలో ఉంటుంది. ఆ పట్టీ లోపలి వైపు తుప్పు పెరిగి పెరిగి హోస్‌ని నొక్కేస్తుంది. పైనుంచి చూస్తే పట్టీ బాగానే కనిపిస్తుంది.

కానీ అనుమానంతో పార్టు కొనకండి. మీకు ఇప్పటికే ఒకసారి అలా జరిగింది. పరీక్ష చేసి తేల్చుకోండి, పెద్ద పనేం కాదు. బండిని చదునైన నేల మీద పెట్టి, వెనక చక్రాలకి అడ్డు పెట్టి, జాకీతో లేపి స్టాండు మీద దించండి. జాకీ మీద ఉన్న బండి కింద చెయ్యి పెట్టొద్దు. కళ్లద్దాలు పెట్టుకోండి, ప్రెజర్‌తో ఉన్న ఆయిల్ కంట్లోకి చిమ్మితే చాలా బాధ. ఇంజిన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, పెడల్ గట్టిగా నాలుగైదు సార్లు తొక్కి వదిలేయండి. వెంటనే చక్రం తిప్పి చూడండి. బిగుసుకుని ఉంటే క్యాలిపర్ మీది బ్లీడర్ నిపుల్ (లైన్లోంచి గాలి తీసేది) కొంచెం వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయితే ప్రెజర్ ఇరుక్కుపోయిందన్నమాట. ఫ్రీ కాకపోతే హోస్ తప్పు కాదు, పిస్టనో పిన్నులో చూడాలి.

ఫ్రీ అయిందనుకుందాం. నిపుల్ బిగించి, మళ్లీ పెడల్ తొక్కి, చక్రం మళ్లీ పట్టేలా చేయండి. ఈసారి నిపుల్ ముట్టుకోకుండా, పైన ఇనుప పైపూ రబ్బరు హోసూ కలిసే చోటున్న నట్టు వదులు చేయండి. అక్కడ వదులు చేశాక కూడా చక్రం పట్టే ఉంటే, ప్రెజర్ హోస్‌కి అవతల ఇరుక్కుంది, అంటే హోస్ పోయింది. అక్కడ వదులు చేయగానే చక్రం ఫ్రీ అయితే హోస్ మంచిదే, అప్పుడు మాస్టర్ సిలిండర్ వైపు వెళ్లాలి. కానీ మాస్టర్ సిలిండర్ తేడా అయితే మామూలుగా ఒక్క చక్రమే కాదు, ఇంకోటి కూడా పట్టేస్తుంది. మీకు ఒక్క ఎడమదే వేడెక్కుతోంది.

హోస్ అని తేలితే ముందు రెండూ కలిపి మార్చండి. రెండింటి వయసూ ఒకటే. ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ ఉంటే రెండు వైపులా బ్రేక్ ఒకేలా పట్టకపోవచ్చు, కుడిది కూడా ఎలాగూ పోయే వయసులోనే ఉంది.

కొత్త హోస్ చేతికి రాగానే పాతదాని పక్కన పెట్టి పొడవు, రెండు చివర్ల ఆకారం, థ్రెడ్ సరిపోల్చండి. హోస్ మీద తయారైన నెలా సంవత్సరమూ అచ్చేసి ఉంటాయి. షాపులో ఏళ్ల తరబడి పడి ఉన్న సరుకు తీసుకోకండి. ప్రమాణం గుర్తు లేని హోస్ అసలు వద్దు. అమెరికా ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 106 ప్రమాణంలో సాధారణ కార్ల హోస్ 4,000 పీఎస్‌ఐ (ప్రెజర్ కొలత) దగ్గర 2 నిమిషాలు నిలబడాలి, తర్వాత ప్రెజర్ ఇంకా పెంచినప్పుడు, సన్నని హోసులైతే 7,000 పీఎస్‌ఐ లోపు పగలకూడదు. తిప్పుతూ వంచుతూ 35 గంటలు ఆపకుండా పరీక్ష చేస్తారు. ఈ పరీక్షల్లో నిలిచిన సరుకుకీ, గుర్తు లేని సరుకుకీ తేడా పైకి కనిపించదు. అందుకే గుర్తు చూసి కొనమంటున్నాను.

పని మొదలుపెట్టే ముందు రోజు రాత్రే నట్ల మీద వైర్ బ్రష్ కొట్టి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. మరుసటి రోజు విప్పేముందు శుభ్రంగా తుడవండి, ఆ స్ప్రే రబ్బరుకి మంచిది కాదు. ఆయిల్ ట్యాంకు మొత్తం ఖాళీ అవకుండా ఒక ఉపాయం ఉంది. బ్రేక్ పెడల్‌ని ఒక అంగుళం లోపలికి నొక్కి, కర్రతో సీటుకి ఆనించి అలాగే ఉంచండి. మాస్టర్ సిలిండర్ లోపల ట్యాంకు నుంచి వచ్చే రంధ్రం మూసుకుపోతుంది, పైపు విప్పినా ఆయిల్ ధార కట్టదు. పెడల్ నొక్కి ఉన్నంత సేపూ బ్రేక్ లైటు వెలుగుతుంది కాబట్టి బ్యాటరీ వైరు తీసేయండి. కొందరు పాత హోస్‌ని ప్లయర్‌తో నొక్కి ఆపుతారు. మార్చేసే హోస్ అయితే సరే, ఉంచుకునే హోస్‌కి మాత్రం అలా చేయొద్దు, లోపలి గొట్టం నలిగిపోతుంది.

బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే పెయింటు లేస్తుంది. బకెట్‌తో నీళ్లు పక్కన పెట్టుకోండి, పడిన వెంటనే కడిగేయండి.

పాతబండి:

షెడ్డుమనిషి గారూ, చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే పరీక్ష చేశాను. నిపుల్ తీయగానే ఆయిల్ చిమ్మింది, చక్రం ఫ్రీగా తిరిగింది. రెండోసారి పైన నట్టు వదులు చేద్దామంటే కదలడం లేదు. రింగ్ స్పానర్ పైపు మీదుగా ఎక్కదు, మామూలు స్పానర్‌తో పడితే నట్టు మూలలు అరుగుతున్నట్టు అనిపించి ఆపేశాను. ప్యాడ్లు కూడా చూశాను, రెండూ సమానంగానే అరిగాయి. ఈ నట్టుని ఏం చేయాలి?

షెడ్డుమనిషి:

ఆపేయడం మంచి పని చేశారు. ఆ నట్టు చాలా మెత్తని లోహం, మామూలు స్పానర్ రెండు వైపులే పట్టుకుంటుంది కాబట్టి మూలలు వెంటనే గుండ్రంగా అయిపోతాయి. దీనికి ఫ్లేర్ నట్ స్పానర్ అని వేరే ఉంటుంది. చూడటానికి రింగ్ స్పానర్‌లాగే ఉండి, పైపు దూరేటంత సందు కోసి ఉంటుంది. నట్టుని దాదాపు అన్ని మూలలా పట్టుకుంటుంది. మీ బండిలో 10 మి.మీ. పడుతుందో 11 మి.మీ. పడుతుందో ముందు కొలిచి, సరిగ్గా ఆ సైజే తీసుకోండి. ఒకటి ఎక్కువైనా నట్టు పాడవుతుంది.

హోస్ చివర షట్కోణంగా ఉన్న భాగాన్ని ఇంకో స్పానర్‌తో గట్టిగా పట్టుకుని, నట్టుని మాత్రమే తిప్పాలి. ముందు విప్పే వైపు కాదు, ఒక్క వెంట్రుకవాసి బిగించే వైపు నెట్టండి. టక్కుమని తుప్పు వదిలిన శబ్దం వినిపిస్తే ఆ తర్వాత విప్పండి. కాస్త విప్పి కాస్త బిగిస్తూ ముందుకీ వెనక్కీ తీసుకెళ్లండి. ఇదంతా చేస్తున్నంత సేపూ మీ చూపు ఇనుప పైపు మీదే ఉండాలి. నట్టుతో పాటు పైపు కూడా మెలి తిరుగుతుంటే వెంటనే ఆపేయండి. మెలి తిరిగిన పైపు ఆ రోజు లీకు అవకపోయినా తర్వాతైనా పగులుతుంది, దాన్ని తిరిగి వాడకూడదు. అలాంటప్పుడు ఆ పైపు ముక్క కూడా కొత్తది వేయాలి. చివర్లు ఫ్లేర్ చేయడం (విప్పార్చడం) చేతనైన వాళ్ల చేతే చేయించండి. ఫ్లేర్‌లో రెండు రకాలు ఉంటాయి, ఒకదానిలో ఇంకోటి కూర్చోదు. అందుకే పాత ముక్క కూడా తీసుకెళ్లండి.

నట్టు వచ్చేస్తే మిగతాది సులువే. పైన లాక్ క్లిప్ శ్రావణంతో పైకి లాగేయండి. కింద క్యాలిపర్ దగ్గర బాంజో బోల్టు (హోస్ చివరి రింగులోంచి పోయి క్యాలిపర్‌లోకి ఎక్కేది) ఉంటే దాన్ని విప్పండి. దానికి రెండు పక్కలా రెండు రాగి వాషర్లు ఉంటాయి. పాతవి ఒకసారి నలిగాయి, మళ్లీ వాడితే చెమ్మ వస్తుంది, కొత్తవే వేయాలి. కొన్నిసార్లు పాత వాషర్ క్యాలిపర్‌కే అతుక్కుని కనిపించకుండా ఉంటుంది. గోటితో గీరి చూడండి, దాని మీద ఇంకో వాషర్ పడితే లీకు గ్యారంటీ. బాంజో బోల్టు లోపల బోలుగా ఉంటుంది కాబట్టి బలం చూపించొద్దు. మీ బండి మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే బిగించండి.

బిగించేటప్పుడు వరస ముఖ్యం. మీ హోస్ బాంజో రకం అయితే ముందు పైచివరని బ్రాకెట్ రంధ్రంలో కూర్చోబెట్టి, పైపు నట్టు మొదటి చుట్లు చేత్తోనే ఎక్కించండి. చేత్తో ఎక్కకపోతే థ్రెడ్ తప్పు పడుతోందని అర్థం, స్పానర్ పెట్టకండి. తర్వాత బిగించి, క్లిప్ కొట్టి, చివర్న బాంజో బోల్టు. హోస్ నేరుగా క్యాలిపర్‌లోకి థ్రెడ్‌తో ఎక్కే రకం అయితే ముందు క్యాలిపర్ వైపే బిగించాలి, లేకపోతే హోస్ మెలి పడుతుంది. హోస్ పొడవునా ఎదురెదురుగా రెండు గీతలు కనిపిస్తాయి. అవి మెలి తెలియడానికే. గీత తిన్నగా సాగాలి, చుట్టూ తిరిగిందంటే విప్పి మళ్లీ పెట్టండి.

తర్వాత స్టీరింగ్‌ని ఇటు చివరి నుంచి అటు చివరిదాకా తిప్పి చూడండి. చక్రం వేలాడుతున్నప్పుడూ చూడండి, బండి బరువు మీద ఉన్నప్పుడూ చూడండి. హోస్ ఎక్కడా సాగకూడదు, టైరుకీ సస్పెన్షన్‌కీ తగలకూడదు.

అల్లినతీగ:

ఎలాగూ మారుస్తున్నారు కదా, స్టీల్ అల్లిక ఉన్న హోసులు వేయొచ్చుగా? లోపల రబ్బరు బదులు పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ రకం ప్లాస్టిక్) గొట్టం ఉంటుంది, ఉబ్బదు, పెడల్ గట్టిగా ఉంటుంది. జీవితకాలం ఎక్కువ అంటారు.

షెడ్డుమనిషి:

అల్లినతీగ గారూ, పెడల్ గట్టిపడుతుంది, నిజమే. రేసింగ్ చేసే బండికి వాటినే వేస్తాను. రోజూ తిరిగే పాత బండికి మాత్రం మంచి రబ్బరు హోసే వేయమంటాను. స్టీల్ అల్లిక లోపల గొట్టం ఎలా ఉందో బయటి నుంచి చూడలేం. అల్లికలో మట్టి చేరితే తీగలు లోపలి గొట్టాన్ని రాపాడతాయి. రబ్బరైతే ఉబ్బు, పగులు, చెమ్మ చేత్తో తడిమితేనే తెలుస్తాయి. వేయాలనే ఉంటే పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నవి, ప్రమాణం గుర్తు ఉన్నవి, మీ మోడల్‌కి తయారైన పొడవువి తీసుకోండి.

ఒక్క మాట ఇక్కడే చెప్తాను, ఎందుకంటే హోసులు పాడవడానికి ఇదీ ఒక కారణం. ప్యాడ్లు మార్చేటప్పుడు క్యాలిపర్ విప్పి హోస్ మీదే వేలాడదీస్తారు. అంత బరువు మీద హోస్ చివర దగ్గర వంగి లోపలి గొట్టం దెబ్బతింటుంది. తీగతో స్ప్రింగుకి కట్టి వేలాడదీయండి. పాతబండి గారూ, మీ క్యాలిపర్ మార్చినప్పుడు కూడా చూసి ఉంటే బాగుండేది.

పాతబండి:

రెండు ముందు హోసులూ మార్చేశాను. ఫ్లేర్ నట్ స్పానర్‌తో ఎడమ నట్టు మీరు చెప్పినట్టే టక్కుమని వదిలింది. పైపు మెలి తిరగలేదు.

పాత ఎడమ హోస్‌ని బ్లేడుతో నిలువునా కోసి చూశాను. పై తొడుగు తీస్తే దారం అల్లిక అంతా బాగానే ఉంది. మధ్య పట్టీ కింద మాత్రం తుప్పు పొరలు పొరలుగా పేరుకుని, హోస్ అక్కడ సగానికి సగం నొక్కుకుపోయింది. లోపలి గొట్టం ఆ చోట దాదాపు అతుక్కుని ఉంది. సన్నని తీగ దూర్చితే కష్టంగా వెళ్లింది. మిగతా పొడవంతా రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా ఉంది. ఒక అరంగుళం చోటు కోసం క్యాలిపర్ డబ్బులు పోసుకున్నాం అనిపించి బాధేసింది.

ఇప్పుడు రెండు సందేహాలు. ఎయిర్ తీశాక పెడల్ ఇంకా కొంచెం మెత్తగా ఉంది. ఇంకోటి, వెనక హోస్ ఎక్కడుందో కనబడటం లేదు.

చక్రంపక్కన:

ఎయిర్ తీసేటప్పుడు పెడల్‌ని నేలదాకా తొక్కొద్దు, ముఖ్యంగా ఇంత పాత మాస్టర్ సిలిండర్‌తో. రోజూ పిస్టన్ తిరగని చోట లోపల మురికీ తుప్పూ ఉంటాయి, సీలు అక్కడిదాకా వెళ్లి చిరుగుతుంది. పెడల్ కింద చెక్క ముక్క పెట్టి, నేలదాకా వెళ్లకుండా ముందే ఆగేలా చేసుకోండి. మెల్లగా తొక్కడం, నిపుల్ తీయడం, నిపుల్ మూశాకే పెడల్ వదలడం. నిపుల్‌కి పారదర్శకమైన గొట్టం తగిలించి ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి, బుడగలు కనిపిస్తాయి. ట్యాంకులో ఆయిల్ ఎప్పుడూ సగానికి తగ్గనివ్వకండి, తగ్గితే మళ్లీ మొదటికొస్తుంది.

షెడ్డుమనిషి:

క్యాలిపర్ కొత్తది కాబట్టి ఒకటి చూడండి, నిపుల్ పైకి ఉందా కిందికి ఉందా. ఎడమా కుడీ క్యాలిపర్లు మారిపోతే నిపుల్ అడుగుకి వస్తుంది, ఎన్నిసార్లు తీసినా గాలి పైనే ఉండిపోతుంది. పైకే ఉంటే నాలుగు చక్రాలకీ బ్లీడింగ్ (ఎయిర్ తీయడం) చేయండి. మామూలుగా దూరం చక్రంతో మొదలుపెడతారు, కానీ కొన్ని బళ్లలో లైన్లు మూలకీ మూలకీ పోతాయి, వాటికి వరస వేరు, మాన్యువల్ చూసి చేయండి. ఆయిల్ కూడా మాన్యువల్‌లో ఉన్నదే, కొత్త సీసా తెరిచి పోయండి. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక ఆ హద్దు 140 డిగ్రీలకి పడిపోతుంది. డాట్ 4కి ఇవి 230, 155. మీ ఎడమ చక్రం అంత వేడెక్కింది కాబట్టి అక్కడున్న ఆయిల్ మొత్తం మార్చేయడమే మంచిది. ఇంజిన్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్, పెట్రోలు చుక్క కూడా ఇందులో పడకూడదు, సీళ్లూ కొత్త హోసులూ అన్నీ ఉబ్బి పోతాయి. డాట్ 5 సిలికాన్ రకం, దీంతో కలపకూడదు.

వెనక హోస్ మీకు కనబడకపోవడం మామూలే. డ్రమ్ములు ఉండే చాలా బళ్లలో యాక్సిల్ మధ్యలో, దానికి కాస్త పైన ఒక్కటే ఉంటుంది. కొన్నింటిలో రెండు వైపులా రెండుంటాయి. టార్చి వేసి, బండి అడుగున పోయే ఇనుప పైపుని వెనక్కి వెంబడిస్తూ వెళ్లండి, అది ఆగి రబ్బరు మొదలయ్యే చోటు దొరుకుతుంది. వేళ్లతో వంచి చూడండి, దారం కనిపించేంత పగులు ఉన్నా, చెమ్మ ఉన్నా నడపకుండా మార్చండి. ఏమీ లేకపోయినా అది కూడా ఇరవై ఏళ్లదే కాబట్టి ఇదే విడతలో వేసేయమంటాను, ఎలాగూ ఎయిర్ మళ్లీ తీస్తున్నారు. అక్కడి నట్టు ముందు వాటికంటే మొండిగా ఉంటుంది, రోడ్డు బురదంతా పడేది దాని మీదే. స్ప్రే ఈ రాత్రే కొట్టేయండి. అంతా అయ్యాక ఇంజిన్ ఆన్ చేసి పెడల్‌ని ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టుకోండి. ఇంకొకరు ప్రతి జాయింటునీ పొడి కాగితంతో తుడిచి చూడాలి. కాగితం పొడిగా వస్తే, జనం లేని చోట మెల్లగా నడిపి నాలుగు బ్రేకులు వేయండి. ఆగాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూసి, ఎలా ఉందో ఇక్కడ రాయండి.